బ్యాంకులు పెట్టిన ప్లీడర్లు, డాక్టర్లు

ఇరవయ్యో శతాబ్దం తొలి ముప్ఫై ఏళ్లలో దక్షిణాదిన పుట్టి, తర్వాత దేశమంతా విస్తరించిన బ్యాంకులు కొన్ని ఉన్నాయి. వాటిని పెట్టినవాళ్లలో చాలామందికి వడ్డీ వ్యాపారం తాతల నాటి వృత్తి కాదు. ఇండియన్ బ్యాంకు వెనుక ఉన్నది మద్రాసు హైకోర్టు వకీలు. కెనరా బ్యాంకును మంగళూరు ప్లీడరు ఒకాయన పెట్టాడు. ఆంధ్రా బ్యాంకు మచిలీపట్నంలో వైద్యం చేసిన డాక్టరు చేతి మీదుగా మొదలైంది. ఉడిపిలో పుట్టిన సిండికేట్ బ్యాంకు వ్యవస్థాపకులు ముగ్గురిలో ఒకరు ఇంజనీరు, ఒకరు డాక్టరు. కోర్టులో వాదించేవాడికీ నాడి పట్టి చూసేవాడికీ జనం తమ కష్టార్జితం అప్పగించారంటే, అప్పటికి ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ల దగ్గర లేనిదేదో వీళ్ల దగ్గర కనిపించి ఉండాలి.

అంతకు ముందు డబ్బు వ్యాపారం పుట్టుకతో వచ్చేది. తమిళనాట నాట్టుకోట్టై చెట్టియార్లు, ఉత్తరాది నుంచి వచ్చిన మార్వాడీలు, ముల్తానీలు, తెలుగు జిల్లాల్లో కోమటి షావుకార్లు ఇందులో ఆరితేరినవాళ్లు. చెట్టియార్ల కుర్రవాడు చిన్నతనంలోనే దుకాణంలో చేరి, చిట్టా ఆవర్జా రాయడం, హుండీ చూసి మనిషి పరపతి అంచనా వేయడం పెద్దవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకునేవాడు. తర్వాత ఏజెంటుగా మూడేళ్ల గడువు మీద బర్మాకో మలయాకో వెళ్లేవాడు. ఈ చదువుకు బడి లేదు, పరీక్ష లేదు. ఆ ఇంట్లో పుట్టడమో, ఆ ఇంటికి అల్లుడు కావడమో తప్ప బయటివాడికి దారి లేదు.

దారి చేసుకున్నవాళ్లు అక్కడక్కడా లేకపోలేదు. తెలుగు దేశంలో అందరికన్నా ముందు చెప్పుకోవలసినవాడు విలియం పామర్. తండ్రి ఈస్టిండియా కంపెనీ జనరల్, తల్లి మొగలాయి కుటుంబపు స్త్రీ. నిజాం సైన్యంలో అధికారిగా పనిచేసిన ఈ మనిషి 1810ల్లో హైదరాబాదులో పామర్ అండ్ కంపెనీ అనే సంస్థ పెట్టాడు. నిజాం సర్కారుకు సైన్యం జీతాలివ్వడానికి ఎప్పుడూ డబ్బు కొరతే. పామర్ నూటికి ఇరవై దాటిన వడ్డీకి అప్పులిస్తూ పోయాడు. బ్రిటిష్ ప్రజలు స్వదేశీ రాజులకు అప్పివ్వకూడదని చట్టం ఉన్నా గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ మినహాయింపు ఇచ్చాడు. హేస్టింగ్స్ సాకిన అమ్మాయిని పెళ్లాడిన సర్ విలియం రంబోల్డ్ ఆ సంస్థలో భాగస్వామి. 1820లో హైదరాబాదుకు బ్రిటిష్ రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ ఈ బాగోతాన్ని బయటపెట్టాడు. చివరికి 1823లో ఈ అప్పు తీర్చడానికి, ఉత్తర సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీ నిజాముకు ఏటా చెల్లించే పేష్కష్‌ను శాశ్వతంగా రద్దు చేసుకుని, దానికి బదులు కోటీ పదహారు లక్షల రూపాయలకు పైగా లెక్కగట్టారు. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న తెలుగు జిల్లాల కప్పం ఒక మాజీ సైనికుడి వడ్డీ లెక్కలో కరిగిపోయిందన్నమాట. పామర్ సంస్థ కూడా ఆ తర్వాత ఎంతోకాలం నిలవలేదు. అతను పెట్టుబడిగా తెచ్చుకున్నది దొరల పలుకుబడి. ఆ పలుకుబడి పోయాక చేతిలో ఏమీ మిగల్లేదు.

బ్రిటిష్ ప్రభుత్వం ఏర్పాటు చేసిన ప్రెసిడెన్సీ బ్యాంకులు రైతుకూ చిన్న వ్యాపారికీ అందేవి కావు. భూమి తాకట్టు మీద అప్పివ్వడం వాటికి చట్టరీత్యా నిషిద్ధం. కొద్ది నెలల్లో తీరే సరుకు అప్పులే వాటి పని. 1921 జనవరిలో మూడు ప్రెసిడెన్సీ బ్యాంకులూ కలిసి ఇంపీరియల్ బ్యాంకు అయ్యాక కూడా పై ఉద్యోగాలు చాలావరకు తెల్లవాళ్లవే, భారతీయులది గుమాస్తాగిరీ. వీటికి తోడు మద్రాసులో దొరల వర్తక సంస్థలు జనం దగ్గర డిపాజిట్లు తీసుకునేవి. వాటిలో ఘనమైనది ఆర్బత్‌నాట్ అండ్ కంపెనీ. పెన్షనర్లు, వితంతువులు, జమీందార్లు, ఉద్యోగులు అందరూ అందులోనే దాచుకున్నారు. దొర మాటకు తిరుగుండదని నమ్మిన కాలం అది.

1906 అక్టోబరు 22న ఆర్బత్‌నాట్ చెల్లింపులు ఆపేసింది. అంతకు రెండు రోజుల ముందే లండన్‌లో దాని వ్యవహారాలు చూసే పాట్రిక్ మక్‌ఫాడ్యెన్ రైలు కింద పడి చనిపోయాడు. మద్రాసు డిపాజిట్లు అతని చేతుల మీదుగా సట్టా వ్యాపారాల్లోకి పోయాయని ఆ తర్వాత తేలింది. సంస్థ పెద్ద సర్ జార్జ్ ఆర్బత్‌నాట్‌కు 18 నెలల కఠిన శిక్ష పడింది. డిపాజిటుదారుల్లో చాలామంది పోగొట్టుకున్నది మాత్రం తిరిగి రాలేదు.

దివాలా కోర్టులో ఈ వ్యవహారాన్ని దగ్గరగా చూసిన వకీలు వి. కృష్ణస్వామి అయ్యర్. మద్రాసు వాళ్లకు సొంత బ్యాంకు ఉండి తీరాలన్న ప్రయత్నం ఆయన పూనికతో ఆ ఏడాది చివరికే మొదలైంది. 1907 మార్చిలో ఇండియన్ బ్యాంకు రిజిస్టరయింది, ఆగస్టు 15న తలుపులు తెరిచింది. ఇందులో చెట్టియార్ల పాత్ర చిన్నది కాదు. మూలధనంలో, డైరెక్టర్ల బోర్డులో వాళ్లు ముందు నిలిచారు. వాళ్లకు డబ్బూ తెలివీ ఉన్నాయి, కానీ నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టి కంపెనీ చట్టం ప్రకారం సంస్థ కట్టే పని వకీలుది. అందులోనూ ఆర్బత్‌నాట్ దెబ్బ తిన్న ఊళ్లో, కోర్టులో మంచిపేరు ఉన్న మనిషి ముందుకు రాకపోతే కొత్త బ్యాంకులో పైసా వేసేవాడు ఉండేవాడు కాదు.

ప్లీడర్లు ఈ రంగంలో రాణించడానికి పేరొక్కటే కారణం కాదు. జిల్లా కోర్టులో నడిచే సివిల్ దావాల్లో సింహభాగం ప్రోనోట్లు, తాకట్లు, డిక్రీల అమలు. ఏ ఆసామి ఎవరికి ఎంత బాకీ, ఎవరి పొలం మీద ఎన్ని తాకట్లున్నాయి, ఎవరు గడువుకు ముందే చెల్లిస్తారు, ఎవరు చివరికి ఐపీ పెట్టి చేతులెత్తేస్తారు అన్నది ఊరి ప్లీడరుకు తెలిసినంతగా షావుకారుకు కూడా తెలియదు. షావుకారు తన ఖాతాలే చూస్తాడు, ప్లీడరు అందరి ఖాతాలూ చూస్తాడు. బెంగాల్‌లో ఇది ఇంకా ముందే కనిపిస్తుంది. అక్కడి చిన్న పట్టణాల్లో లోన్ ఆఫీసులనే పేరుతో వెలసిన చిన్న బ్యాంకుల వెనుక ఎక్కువగా ఉన్నది ఆ ఊళ్ల ప్లీడర్లే. 1914లో కొమిల్లా బ్యాంకింగ్ కార్పొరేషన్ పెట్టిన నరేంద్రచంద్ర దత్తా కూడా వకీలే.

దక్షిణ కన్నడ జిల్లా కథ వేరు. ఆ ఒక్క జిల్లాలో కొద్ది దశాబ్దాల్లో ఇరవై దాకా బ్యాంకులు పుట్టాయి. 1906 మార్చిలో ఉడిపిలో హాజీ అబ్దుల్లా అనే వర్తకుడు, మరికొందరు కలిసి 5,000 రూపాయలతో ఒక నిధి మొదలుపెట్టారు. మొదటి రోజు సాయంత్రం లెక్క చూస్తే పెట్టెలో ఉన్నది 38 రూపాయల 13 అణాల 2 పైలు. కార్పొరేషన్ బ్యాంకు పునాది అదే. ఆ ఏడాది జూలై 1న, అంటే ఆర్బత్‌నాట్ మునిగిపోవడానికి నాలుగు నెలల ముందు, మంగళూరులో అమ్మెంబాళ సుబ్బారావు పాయ్ కెనరా హిందూ పర్మనెంట్ ఫండ్‌ను తెరిచారు. ఆయన ప్లీడరు. అంతకు పదిహేనేళ్ల కిందట 1891లో ఊళ్లో హైస్కూలు పెట్టిన మనిషి. బడికి చందాలు పోగుచేసి లెక్క చెప్పిన చేతులే ఫండుకు వాటాలు పోగుచేశాయి. 1910లో ఆ ఫండు కెనరా బ్యాంకు లిమిటెడ్ అయింది.

ఉడిపి నేతగాళ్లు మిల్లు బట్టల పోటీకి తట్టుకోలేక అల్లాడుతున్న రోజుల్లో, 1925లో వ్యాపారి ఉపేంద్ర పాయ్, ఆయన తమ్ముడు డాక్టర్ టి.ఎం.ఎ. పాయ్, ఇంజనీరు వామన్ కుడ్వా ముగ్గురూ కలిసి కెనరా ఇండస్ట్రియల్ అండ్ బ్యాంకింగ్ సిండికేట్ పెట్టారు. మూలధనం 8,000 రూపాయలు. ఈ డబ్బుతో బ్యాంకు నడవదు. డిపాజిట్లు రావాలి, కానీ చుట్టూ ఉన్నది బీడీలు చుట్టేవాళ్లు, నేతగాళ్లు, చేపలమ్మేవాళ్లు, చిల్లర కొట్టువాళ్లు. వాళ్లు బ్యాంకు గుమ్మం ఎక్కరు. ఎక్కినా దాచడానికి రోజుకు ఒకటి రెండు అణాల కన్నా మిగలదు. 1928లో ఈ సంస్థ పిగ్మీ డిపాజిట్ పథకం తెచ్చింది. ఏజెంటు రోజూ ఇంటింటికీ, కొట్టుకొట్టుకూ వెళ్లి రెండణాల చొప్పున వసూలు చేసి పుస్తకంలో రాసుకుని వచ్చేవాడు. పద్దు చిన్నదే అయినా రోజూ రావడంతో అది పెద్ద మొత్తమయింది. రోగి ఇంటికి నడిచి వెళ్లడం అలవాటైన డాక్టరు ఉన్న సంస్థకు ఇలాంటి పథకం తట్టడం వింత కాదు. షావుకారు మాత్రం అప్పటికి వందల ఏళ్లుగా మనిషి తన గద్దె దగ్గరికి రావాలనే కూర్చున్నాడు. తర్వాతి కాలంలో నిత్య వసూలు పథకాలు దేశమంతటా బ్యాంకులు, సహకార సంఘాలు అందిపుచ్చుకున్నాయి.

తెలుగు నాట ఈ వరసలో నిలిచినది మచిలీపట్నం. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో దాదాపు ముప్ఫై వేలమంది చనిపోయాక రేవు కోలుకోలేదు. రైలు బెజవాడ మీదుగా పోవడంతో వర్తకం అటు మళ్లింది. ఊళ్లో మిగిలింది కోర్టులు, కలెక్టరు కచేరీ, 1843 నుంచి ఉన్న నోబుల్ విద్యాలయం. దాంతో వర్తకులు పలచబడి చదువుకున్నవాళ్లు పోగయ్యారు. 1902లో కృష్ణాపత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పుట్టింది ఈ వాతావరణంలోనే. మరోపక్క 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి పండి, పెద్ద రైతుల చేతిలో డబ్బు ఆడసాగింది. ఆ డబ్బు పొలం కొనడానికో, బంగారానికో, పక్క రైతుకు ప్రోనోటు మీద అప్పివ్వడానికో పోయేది. ఒకరి మిగులును ఇంకొకరి అవసరానికి చేర్చే సంస్థ మాత్రం లేదు.

భోగరాజు పట్టాభి సీతారామయ్య 1880లో గుండుగొలనులో పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బీఏ, తర్వాత మద్రాసులో వైద్యం చదివి 1906లో మచిలీపట్నంలో ప్రాక్టీసు పెట్టారు. పదేళ్లలో బాగా సంపాదించి 1916లో వైద్యం వదిలి రాజకీయాల్లోకి దిగారు. ఆయన ఏడేళ్ల తర్వాత బ్యాంకు పెట్టడం హఠాత్తుగా తోచిన ఆలోచన కాదు. జాతీయ కళాశాల, పత్రిక, సహకార ఉద్యమం, చివరికి బ్యాంకు అన్నీ ఆయన దృష్టిలో స్వదేశీ కింద ఒకే పని. 1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకు రిజిస్టరయింది, 28న వ్యాపారం మొదలుపెట్టింది. అధికృత మూలధనం 10 లక్షలు, వసూలైన మూలధనం లక్ష రూపాయలు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు, 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్ వచ్చాయి. అన్నిటిలోనూ పట్టాభి చెయ్యి ఉంది.

1930 నుంచి 1945 దాకా పట్టాభి మాటిమాటికీ జైలుకు వెళ్లారు. క్విట్ ఇండియా కాలంలో దాదాపు మూడేళ్లు అహ్మద్‌నగర్ కోటలో ఉన్నారు. బ్యాంకు ఆగలేదు. తెలిసిన మనిషి పేరు చూసి జనం వచ్చారు, రోజువారీ పని జీతానికి పనిచేసేవాళ్లు చూసుకున్నారు. పేరు ఒకరిది, పద్దులు వేరొకరివి కావడమే ఈ బ్యాంకు నిలదొక్కుకోవడానికి కారణం అనవచ్చు. వ్యవస్థాపకుడే అన్నీ అయి కూర్చున్నచోట కథ ఇలా ముగియలేదు.

నిజాం ఏలుబడిలో ఉన్న తెలంగాణలో ఇలాంటి దారి ఏర్పడలేదు. అక్కడ ఊళ్లలో షావుకార్లు, నగరంలో మార్వాడీ కోఠీలు ఉండగా, సొంత బ్యాంకు సర్కారే పెట్టింది. 1941 నాటి చట్టంతో హైదరాబాదు స్టేట్ బ్యాంకు ఏర్పడింది.

ఇదంతా విజయగాథ అనుకుంటే పొరపాటు. స్వదేశీ వేడిలో పుట్టిన బ్యాంకులు 1913 నుంచి 1918 లోపు తొంభైకి పైగా మూతపడ్డాయి. లాహోరులో లాలా హరికిషన్‌లాల్ పంజాబ్ నేషనల్ బ్యాంకు స్థాపనలో పాలుపంచుకున్న దేశభక్తుడు. ఆయన విడిగా పెట్టిన పీపుల్స్ బ్యాంకు 1913లో కుప్పకూలింది. అప్పు దీర్ఘకాలానికి ఇచ్చి డిపాజిట్ అడిగిన వెంటనే తిరిగి ఇవ్వాలంటే ఏ దేశభక్తీ కాపాడదు. తిరువాంకూరులో మలయాళ మనోరమ సంపాదకుడు కె.సి. మామ్మెన్ మాప్పిళ్ల బ్యాంకరు కూడా. ఆయన బ్యాంకు, క్విలాన్ బ్యాంకు 1937లో కలిసి దక్షిణాదిలోకెల్లా పెద్ద బ్యాంకుల్లో ఒకటయ్యాయి. ఏడాది తిరగకుండానే 1938 జూన్‌లో అది చెల్లింపులు ఆపింది. పత్రిక దివాను సి.పి. రామస్వామి అయ్యర్‌కు ఎదురు నిలిచినందుకు కక్ష కట్టి బ్యాంకును కూల్చారని ఒక వాదం, బ్యాంకు లోపలే పుచ్చిపోయిందని ఇంకో వాదం. రెండింటిలో ఏది నిజమైనా డిపాజిటుదారుడికి తేడా ఏమీ లేదు. సంపాదకుడి పేరు డిపాజిట్లు తెచ్చింది, అదే పేరు ప్రభుత్వంతో శత్రుత్వాన్నీ తెచ్చింది. ఆ సంక్షోభంలో దక్షిణాదిలో చాలా బ్యాంకుల మీద డిపాజిట్ల కోసం జనం ఎగబడ్డారు.

ఇన్ని దెబ్బలు తిన్న తర్వాత చట్టం ఒక్కొక్క అంగుళం బిగిసింది. 1913 కంపెనీల చట్టం కింద బ్యాంకు పెట్టడానికి రిజిస్ట్రేషన్ చాలు. 8,000 రూపాయల సిండికేట్ పుట్టగలిగింది అందుకే. 1936 సవరణ బ్యాంకుకు కనీసం 50,000 రూపాయల మూలధనం ఉండాలంది. 1949 బ్యాంకింగ్ కంపెనీల చట్టంతో రిజర్వు బ్యాంకు లైసెన్సు తప్పనిసరి అయింది. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు మునిగాక, 1962 నుంచి డిపాజిట్‌కు 1,500 రూపాయల దాకా బీమా వచ్చింది. అంటే జనం ఇక మనిషి పేరు చూసి నమ్మనక్కర్లేదు, ప్రభుత్వ పూచీ చాలు. 1968 చివర్లో వచ్చిన సవరణ ఇంకో అడుగు వేసింది. బ్యాంకు చైర్మన్ పూర్తికాలం పనిచేసే వృత్తి బ్యాంకరై ఉండాలనీ, డైరెక్టర్లలో సగానికి మించి ప్రత్యేక పరిజ్ఞానం ఉన్నవాళ్లే కావాలనీ శాసించింది. ఆ పరిజ్ఞానాల జాబితాలో అకౌంటింగు, వ్యవసాయం, బ్యాంకింగు, సహకారం, ఆర్థికశాస్త్రం, న్యాయశాస్త్రం, చిన్న పరిశ్రమలు ఉన్నాయి. కృష్ణస్వామి అయ్యర్, సుబ్బారావు పాయ్ బతికి ఉంటే డైరెక్టర్లుగా ఆ గీటురాయికి నిలిచేవారు. వైద్యం మాత్రం ఆ జాబితాకు ఎక్కలేదు.

1969 జూలై 19న 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. ఇండియన్ బ్యాంకు, కెనరా, సిండికేట్ అందులో ఉన్నాయి. 1980 ఏప్రిల్ 15న మరో ఆరు జాతీయమయ్యాయి. ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు ఆ జట్టులోవి. బయటివాడు బ్యాంకు పెట్టే దారి ఇలా మూసుకుపోగా, బయటివాడు బ్యాంకులో చేరే దారి అంతకన్నా ఎక్కువ వెడల్పైంది. 1969లో దేశంలో వాణిజ్య బ్యాంకు శాఖలు 8,262. రెండు దశాబ్దాలు తిరిగేసరికి దాదాపు 60,000. అన్ని వేల శాఖలకు బ్యాంకరు కుటుంబాల పిల్లలు సరిపోరు. రైతు అప్పులు చూడటానికి వ్యవసాయ పట్టభద్రుల్ని తీసుకున్నారు. 1978 నుంచి బ్యాంకింగ్ సర్వీస్ రిక్రూట్‌మెంట్ బోర్డులు రాతపరీక్ష పెట్టి ఏ డిగ్రీ ఉన్నవాడినైనా క్లర్కుగానో ప్రొబేషనరీ ఆఫీసరుగానో ఎంపిక చేశాయి. బోర్డులు పోయాక ఆ పని కొంతకాలం బ్యాంకులు విడివిడిగా చేసుకున్నాయి. 2011 నుంచి చాలా ప్రభుత్వ బ్యాంకులకు ఐబీపీఎస్ అనే సంస్థ పెట్టే ఉమ్మడి పరీక్ష వచ్చింది. తెలుగు చదివినవాడు, జంతుశాస్త్రం చదివినవాడు, ఇంజనీరింగు చదివి ఉద్యోగం దొరకనివాడు అందరూ ఒకే ప్రశ్నపత్రం ముందు కూర్చుంటారు. రాయలసీమలో నంద్యాల బ్యాంకు పరీక్షల శిక్షణకు పేరుపడింది కూడా ఈ క్రమంలోనే. అక్కడ గది అద్దెకు తీసుకుని వేగంగా లెక్కలు చేయడం నేర్చుకునే కుర్రవాడికి పెట్టుబడి అక్కర్లేదు, ఊళ్లో పేరూ అక్కర్లేదు. మార్కులు వస్తే చాలు.

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిశాయి. అదే రోజు సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిసిపోయింది. ప్లీడర్లు పెట్టిన రెండు బ్యాంకులు, ఇండియన్ బ్యాంకూ కెనరా బ్యాంకూ, నేటికీ సొంత పేర్లతో నడుస్తున్నాయి. డాక్టర్ల చేతుల్లో పుట్టిన రెండింటి పేర్లూ బోర్డుల మీద లేవు.